కోయకుండా లోపల చూడవచ్చా? అల్యూమినియం పోత ముక్కకు మైక్రో సీటీ స్కాన్ గురించి

ప్రశ్న అడిగినవారు ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తున్నారు. వారి దగ్గర 60 × 40 × 25 మిల్లీమీటర్ల అల్యూమినియం-సిలికాన్ పోత ముక్క ఉంది. ముక్కను పాడుచేయకుండా లోపలి గుల్లలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో తెలుసుకోవాలి. ఎక్స్‌రే సీటీలో ఎంత చిన్న గుల్ల దాకా కనిపిస్తుంది? ముక్కను ఎలా సిద్ధం చేసుకోవాలి? ఊళ్లో డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఉన్న సీటీ యంత్రంలో పెట్టించుకుంటే సరిపోదా? ఇవీ వారి సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కనిపిస్తాయి. ఈ ముక్కను ఉన్నదున్నట్టుగా ఒక మాదిరి ల్యాబు మైక్రో సీటీలో పెడితే సుమారు 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకు పైబడిన గుల్లలను నమ్మకంగా చూడవచ్చు. 10 మైక్రాన్ల గుల్లలు కావాలంటే మాత్రం ముక్కను కోయక తప్పదు. ఆస్పత్రి సీటీలో ఒకటి రెండు మిల్లీమీటర్ల బొరియలు తప్ప మరేమీ తెలియవు.

పదహారేళ్లుగా ఈ యంత్రం ముందే కూర్చుంటున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది ఒకటే మాట అంటారు: "కోయకుండా చూస్తారనే కదండీ వచ్చాం, మళ్లీ మీరే కోయమంటారేమిటి?" వారి తప్పు లేదు. యంత్రం కరపత్రంలో "అర మైక్రాన్" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది అగ్గిపుల్ల తలకన్నా చిన్న ముక్కకు వర్తించే మాట అని ఎక్కడా వేయరు. ఎంత సన్నగా చూడగలమన్నది యంత్రం కన్నా ముందు మీ ముక్క వెడల్పే తేల్చేస్తుంది. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి.

ఎందుకో చెబుతాను. కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి ముందు చేతులు పెట్టి గోడ మీద జింకనూ కుక్కనూ ఆడించిన అనుభవం మనలో చాలామందికి ఉంది. చేతిని కొవ్వొత్తికి దగ్గరగా జరిపితే నీడ పెద్దదవుతుంది, అంచులు మసకబారతాయి. మైక్రో సీటీ పెట్టె లోపల జరిగేది అచ్చంగా ఇదే. కొవ్వొత్తి ఉండాల్సిన చోట ఎక్స్‌రే ట్యూబు, గోడ ఉండాల్సిన చోట డిటెక్టర్, మధ్యలో పీఠం మీద మీ ముక్క. ఆస్పత్రిలో మనిషి కదలకుండా పడుకుంటే ట్యూబు, డిటెక్టర్ అతని చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ అవి రెండూ నిలకడగా ఉంటాయి, ముక్కే తిరుగుతుంది. ఒక్కో కోణంలో ఒక్కో నీడ తీసుకుంటాం. అలాంటి రెండు మూడు వేల నీడల నుంచి లోపలి నిర్మాణాన్ని కంప్యూటర్ తిరిగి కడుతుంది. శంకువు ఆకారంలో విచ్చుకునే కిరణాలకు ఈ లెక్క ఎలా కట్టాలో 1984లో ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ అనే ముగ్గురు చూపించారు. నేటికీ చాలా ల్యాబు యంత్రాల్లో నడుస్తున్నది ఆ పద్ధతే. ఆ ముగ్గురూ పనిచేసింది ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధన విభాగంలో. కాబట్టి మీ పోత ముక్కకు ఈ పరిజ్ఞానంతో పాత చుట్టరికమే ఉంది.

ఇక లెక్క. డిటెక్టర్ మీద అడ్డంగా సుమారు 2000 పిక్సెళ్లు ఉంటాయనుకోండి, మామూలు యంత్రాల్లో ఉండేది అంతే. ముక్క ఒక చుట్టు తిరిగినంతసేపూ దాని నీడ ఆ 2000 పిక్సెళ్ల లోపలే పడాలి. మీ ముక్కను నిలువుగా, అంటే 60 మి.మీ. కొలత పైకి ఉండేలా నిలబెడితే అడ్డుకోత 40 × 25 అవుతుంది. దాని కర్ణం 47 మి.మీ. కొద్దిగా వాల్చి పెట్టాలి (ఎందుకో తర్వాత చెబుతాను), కాబట్టి 54 మి.మీ. అనుకుందాం. దాన్ని 2000తో భాగిస్తే 27 మైక్రాన్లు. చిత్రంలో ఒక్కో చిన్న ఘనం, అంటే వోక్సెల్, అంత ఉంటుంది. అదే ముక్కను పడుకోబెడితే 60, 40ల కర్ణం 72 మి.మీ. అవుతుంది, వోక్సెల్ 36 మైక్రాన్లకు పోతుంది. నిలబెట్టడానికీ పడుకోబెట్టడానికీ మధ్య ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. నిలబెట్టినప్పుడు ఎత్తు మొత్తం ఒకేసారి పట్టకపోవచ్చు. కింద సగం ఒకసారి, పై సగం ఒకసారి స్కాన్ చేసి అతికిస్తాం.

27 మైక్రాన్ల వోక్సెల్ అంటే 27 మైక్రాన్ల గుల్ల కనిపిస్తుందని కాదు. అడ్డంగా కనీసం మూడు వోక్సెళ్లు పట్టేదాన్ని మాత్రమే నేను గుల్ల అని రాస్తాను. అంతకన్నా చిన్నది చుక్కో, చిత్రంలోని గరుకుతనమో తేల్చి చెప్పలేం. "ఉంది" అనడానికి మూడు చాలు. దాని ఘనపరిమాణం, ఆకారం గురించి మాట్లాడాలంటే ఎనిమిది పది వోక్సెళ్లయినా ఉండాలి. ఆ లెక్కన మీ ముక్కలో 80 మైక్రాన్ల గుల్లలను లెక్కపెట్టగలరు, పావు మిల్లీమీటరు గుల్లలను కొలవగలరు. ఈ తేడాను థీసిస్‌లో స్పష్టంగా రాయండి, పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న అదే.

కొవ్వొత్తి మంట సంగతి మరిచిపోకూడదు. మంట పెద్దదైతే నీడ అంచు మసకబారినట్టే, ట్యూబులో ఎక్స్‌రే పుట్టే మచ్చ పెద్దదైతే చిత్రం మసకబారుతుంది. వెలుతురు చాలడం లేదని పవర్ పెంచితే ఆ మచ్చ కూడా పెరుగుతుంది. చాలా మైక్రోఫోకస్ ట్యూబుల్లో వాటుకు సుమారు ఒక మైక్రాన్ అని మోటుగా గుర్తుపెట్టుకోవచ్చు. మీ 27 మైక్రాన్ల స్కాన్‌కు 20 వాట్లు పెట్టినా నష్టం లేదు. 3 మైక్రాన్ల స్కాన్‌కు అదే 20 వాట్లు పెడితే లెక్కల్లో 3 మైక్రాన్లు, చిత్రంలో 20 మైక్రాన్లు.

రెండో సంగతి, కిరణాలు అవతలికి చేరతాయా లేదా అన్నది. ఇందులో మీరు అదృష్టవంతులు. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రే తీవ్రత సగానికి తగ్గాలంటే అల్యూమినియం 15 మి.మీ. కావాలి. ఇనుము అయితే 2.4 మి.మీ. చాలు. సీసం అయితే మిల్లీమీటరులో పదో వంతు. మీ ముక్కలో అత్యంత పొడవైన దారి, 47 మి.మీ. కర్ణం వెంట వెళ్లే కిరణాల్లో సుమారు 11 శాతం అవతలికి చేరతాయి. అడ్డంగా 25 మి.మీ. వెంట అయితే 30 శాతం పైనే. ఇది చక్కగా పనికొచ్చే పరిధి. పది శాతానికి అటూ ఇటూగా చేరుతుంటే చిత్రం బాగుంటుంది. ఇదే కొలతల ముక్క ఇనుముది అయివుంటే కర్ణం వెంట పది లక్షల్లో ఒక్కటి మాత్రమే చేరేది. అప్పుడు మీకు ఇంత పొడవు జవాబు రాసే పని ఉండేది కాదు, "కుదరదు" అని ఒక్క మాటతో సరిపోయేది. ల్యాబుల్లో ఎక్కువగా ఉండే 160 కిలోవోల్టుల ట్యూబుతో ఇనుము ముక్కలు కొన్ని మిల్లీమీటర్ల మందం దాకానే నప్పుతాయి. అంతకు మించితే 450 కిలోవోల్టుల భారీ యంత్రాలు కావాలి. గ్రీసులో సముద్రం అడుగున దొరికిన ఆంటికిథెరా యంత్రపు (పళ్లచక్రాలతో ఖగోళ లెక్కలు కట్టే ప్రాచీన పరికరం) కంచు ముక్కలను 2005లో స్కాన్ చేయడానికి అలాంటి 450 కిలోవోల్టుల యంత్రాన్నే ఇంగ్లండు నుంచి ఏథెన్స్ మ్యూజియానికి మోసుకెళ్లారు. టన్నుల బరువున్న యంత్రం ముక్క దగ్గరికి వెళ్లింది, ముక్క యంత్రం దగ్గరికి రాలేదు. రెండు వేల ఏళ్ల నాటిది మరి.

ఇక మీ మిశ్రలోహంలో ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు. సీటీ చిత్రంలో తెలుపు, నలుపు తేడాలు రెండింటి మీద ఆధారపడతాయి: సాంద్రత, పరమాణు సంఖ్య. గుల్లలో గాలి ఉంటుంది, కాబట్టి నల్లగా స్పష్టంగా కనిపిస్తుంది. రాగి, ఇనుము ఎక్కువగా ఉన్న సమ్మేళనాలు తెల్లటి పలుకుల్లా మెరుస్తాయి. కానీ అల్యూమినియం పరమాణు సంఖ్య 13, సిలికాన్‌ది 14. సాంద్రతలు కూడా పెద్ద దూరం కాదు. అందువల్ల మైక్రోస్కోపులో అంత అందంగా కనిపించే సిలికాన్ పలుకులు ల్యాబు సీటీలో అల్యూమినియంలో కలిసిపోతాయి. ఒకరు సిలికాన్ ఆకారం కోసమని మూడు రోజులు మా యంత్రాన్ని బుక్ చేసుకుని వచ్చారు. మొదటి చిత్రం చూపించి వెనక్కి పంపాల్సి వచ్చింది. అలాంటి పనికి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి చాలా ప్రకాశవంతమైన ఎక్స్‌రే పుట్టించే పెద్ద యంత్రం) కిరణాలతో చేసే ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతి కావాలి, అందులో కిరణాలు ఎంత ఆగాయన్నదే కాక ఎంత వంగాయన్నది కూడా చూస్తారు. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌కు ఇమేజింగ్ బీమ్‌లైన్ (చిత్రాలు తీసేందుకు కిరణాలను బయటికి తెచ్చే దారి) ఉంది, అక్కడ ప్రతిపాదన పెట్టుకోవచ్చు. పోతలో చిక్కుకునే పలుచటి ఆక్సైడ్ పొరలు కూడా ల్యాబు సీటీకి దొరకవు. నోరు తెరుచుకోని సన్నటి పగుళ్లూ అంతే. సీటీలో కనిపించలేదు కాబట్టి పగులు లేదు అని ఎప్పుడూ రాయకండి. "ఇంత వెడల్పుకు మించిన పగులు కనిపించలేదు" అని రాయండి.

కనిపించే గుల్లల్లో కూడా రెండు జాతులు ఉన్నాయి, వాటిని విడదీయడమే మీ ప్రాజెక్టుకు అసలు లాభం అనుకుంటాను. ద్రవ అల్యూమినియంలో హైడ్రోజన్ బాగా కరుగుతుంది, గడ్డకట్టేటప్పుడు ఆ కరిగే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. బయటికి తోసివేయబడిన వాయువు గుండ్రటి బుడగలు కడుతుంది. మరోవైపు, లోహం గడ్డకడుతూ కుంచించుకుపోయేటప్పుడు చివరి మూలలకు ద్రవం అందకపోతే గరుకుగా, వేర్లలా కొమ్మలు చాచిన ఖాళీలు ఏర్పడతాయి. కోసి మెరుగుపెట్టిన తలం మీద ఈ రెండో జాతి గుల్ల పది చిన్న చిన్న చుక్కల్లా కనిపిస్తుంది. సీటీలో ఆ పదీ ఒకే చెట్టు కొమ్మలని తెలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ ముక్క మీద అప్పటికే మైక్రోస్కోపుతో గుల్లల సంఖ్య లెక్కపెట్టి ఒక పేపరు పంపేసిన మా సహోద్యోగి మొహం నాకు ఇంకా గుర్తుంది.

సరే, ఇప్పుడు దొంగ గుర్తుల గురించి. చిత్రంలో ఉండి ముక్కలో లేని వాటిని ఇంగ్లిషులో ఆర్టిఫాక్ట్‌లు అంటారు. కొత్తవారిని ముంచేది ఇవే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద దొంగ బీమ్ హార్డెనింగ్. ట్యూబు నుంచి వచ్చేవి ఒకే శక్తి గల కిరణాలు కావు. మెత్తనివీ గట్టివీ కలిసి వస్తాయి. మెత్తనివి ముక్క పై పొరల్లోనే ఇంకిపోతాయి, గట్టివి లోపలికి పోతాయి. కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు. లోపలి భాగం కిరణాలను తక్కువగా ఆపుతోందని అనుకుని అక్కడ ముదురు రంగు వేస్తుంది, అంచులకు తెల్లగా వేస్తుంది. ఫలితంగా సమానమైన దిమ్మ కూడా నడుమ తేలికగా, చుట్టూ దట్టంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థిని సింటర్ చేసిన, అంటే నొక్కి కొలిమిలో కాల్చి గట్టిపరిచిన, ఇనుప పొడి స్తంభాలు తెచ్చింది. 8 మి.మీ. వ్యాసం. స్కాన్‌లో చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో బూడిద రంగు. ఆ అమ్మాయి సంబరానికి అంతు లేదు. పైపొర దగ్గర పొడి బాగా దట్టపడిందని, దానికి కొలిమి ఉష్ణోగ్రతే కారణమని రెండు పేజీల వివరణ అప్పటికే రాసేసింది. నాకు అనుమానం వచ్చింది. ఆ అంచు అన్ని వైపులా మరీ సమానంగా ఉంది, లోపలికి పోయేకొద్దీ మరీ నునుపుగా తగ్గుతోంది. కొలిమిలో కాలిన ఏ వస్తువూ అంత బుద్ధిగా ఉండదు. "ఒక స్తంభాన్ని నిలువునా రెండుగా కోసి ఒక సగం తీసుకురామ్మా" అన్నాను. కోసిన సగాన్ని స్కాన్ చేశాం. నిన్నటి దాకా స్తంభం నడుమ ఉన్న లోహం, ఇప్పుడు కోత అంచున ఉన్న లోహం, తెల్లగా మెరుస్తోంది. కొలిమి తగలని చోట కూడా "పైపొర" వచ్చేసింది. రెండు పేజీలూ చింపేసింది. పాపం, ఆ సాయంత్రం టీ నేనే ఇప్పించాను.

దీనికి మందు, ట్యూబు ముందు పలుచటి లోహపు రేకు పెట్టి మెత్తని కిరణాలను ముందే వడగట్టేయడం. మీ ముక్కకు 140-160 కిలోవోల్టులు, అర మిల్లీమీటరు రాగి రేకుతో మొదలుపెట్టమని చెబుతాను. వెలుతురు తగ్గుతుంది, ఒక్కో నీడకు ఎక్కువ సమయం ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వండి. మిగిలిన కొద్ది తేడాను సాఫ్ట్‌వేర్‌లో సవరించవచ్చు. ఆ సవరణ మీట ఎక్కువ తిప్పితే ఇప్పుడు నడుమ తెల్లగా, అంచు నల్లగా మారుతుంది, అది కూడా అబద్ధమే.

రింగులు మరో దొంగ. డిటెక్టర్‌లో ఒక పిక్సెల్ కొద్దిగా తేడాగా పనిచేస్తే చిత్రంలో పూర్తి వలయం వస్తుంది. తిరిగే కేంద్రం చుట్టూ బాణం గురి బిళ్లలా కనిపిస్తే లోహంలో వెతకకండి, డిటెక్టర్‌ను మళ్లీ సరిచూడమని అడగండి. దీని మీద ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

కదలిక మాత్రం నిజమైన శత్రువు. రెండు గంటల స్కాన్‌లో మీ ముక్క 27 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో సగం కూడా కాదు, జరిగితే చాలు, అంచులన్నీ జంటగా వస్తాయి. రెండు వైపులా అంటుకునే స్పాంజి టేపు మీద ముక్కను నిలబెట్టి రాత్రంతా స్కాన్ పెట్టి వెళ్లిపోయిన ఘనత నాది. ముక్క బరువుకు స్పాంజి తెల్లవార్లూ మెల్లగా అణుగుతూ కూర్చుంది. పొద్దున వచ్చి చూస్తే చిత్రంలో ప్రతి గుల్లకూ ఒక కవల. మీ ముక్క గట్టి లోహం కాబట్టి ఎండిపోయి ముడుచుకునే భయం లేదు. తడి మట్టి, పచ్చి కలప తెచ్చేవారికి ఆ తలనొప్పి కూడా ఉంటుంది. ముక్కను వేడి జిగురుతో గట్టిగా అతికించి, పెట్టె లోపల అరగంట ఉంచి, అప్పుడు మొదలుపెట్టమనండి. ముక్కను పట్టి ఉంచే ఆధారం తేలికపాటి ప్లాస్టిక్‌దో, పూలు గుచ్చే స్పాంజిదో, కార్బన్ గొట్టమో కావాలి. ఇనుప మరతో బిగించారంటే ఆ మర నీడ ముక్క మీద పడుతుంది.

ముక్కను వాల్చాలని పైన అన్నాను. మీ ముక్కకు పైనా కిందా చదునైన తలాలున్నాయి. కిరణాలు ఆ తలానికి సమాంతరంగా పోయే చోట అంచు అలికినట్టు వస్తుంది. నిలువు నుంచి ఐదారు డిగ్రీలు వాల్చి అతికిస్తే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. అందుకే 47ను 54 చేశాను.

స్కాన్ అయ్యాక పని అయిపోయిందనుకుంటారు. సగం కూడా కాలేదు. 2000 పిక్సెళ్ల వెడల్పుకు లెక్క ప్రకారం సుమారు 3100 నీడలు కావాలి. ఒక్కోదానికి ఒక సెకను అనుకున్నా 50 నిమిషాలు దాటుతుంది. రెండేసి తీసి సగటు చేస్తే గంటా మూడు పావులు. మీది రెండు భాగాలు కాబట్టి అలాంటివి రెండు. ఒక్కో భాగం చిత్రం 16 జీబీ దాకా ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో తెరవబోతే అది స్తంభించిపోతుంది. పెన్‌డ్రైవ్ కాదు, పెద్ద హార్డ్ డిస్కు పట్టుకెళ్లండి. విశ్లేషణ ఏ కంప్యూటర్ మీద చేస్తారో స్కాన్‌కు ముందే ఖాయం చేసుకోండి.

ఆ తర్వాత అసలు పరీక్ష: ఏ బూడిద రంగు దగ్గర గీత గీసి, ఇటువైపు గుల్ల, అటువైపు లోహం అంటారు? దీన్ని థ్రెషోల్డ్ అంటాం. గుల్ల అంచున ఉండే వోక్సెల్‌లో సగం గాలి, సగం లోహం ఉంటాయి. దాని రంగు రెండింటికీ మధ్యలో ఉంటుంది. పెద్ద గుల్లకు అంచు వోక్సెళ్లు తక్కువ నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి పెద్దగా తేడా రాదు. చిన్న గుల్ల అంటే అంతా అంచే. ఒకసారి ఒకే చిత్రాన్ని ముగ్గురు విద్యార్థులకు విడివిడిగా ఇచ్చి గుల్లల శాతం చెప్పమన్నాను. ఒకరు చెప్పినదానికి మరొకరు చెప్పినది రెట్టింపు. ముగ్గురూ కళ్లతో చూసి "బాగుంది" అనిపించిన చోట గీత గీశారు. వోక్సెళ్ల రంగుల లెక్క చూసి గీతను కంప్యూటరే ఎంచుకునే ఓట్సు పద్ధతి లాంటిది వాడితే కనీసం అందరికీ ఒకే జవాబు వస్తుంది. అది సరైన జవాబే అవుతుందన్న హామీ లేదు. గుల్లలు ఒకటి రెండు శాతమే ఉన్నప్పుడు ఓట్సు కూడా దారి తప్పుతుంది, ఎందుకంటే వోక్సెళ్లను రంగుల వారీగా గుట్టలు పోస్తే గాలి గుట్ట చాలా చిన్నది, లోహపు గుట్ట చాలా పెద్దది.

అందుకే ముక్కను ముందు నీటిలో తూచండి. ఆర్కిమిడీస్ పద్ధతిలో సాంద్రత కొలిచి, గుల్లలు లేని అదే మిశ్రలోహపు సాంద్రతతో పోలిస్తే మొత్తం గుల్లల శాతం వస్తుంది. సీటీ సంఖ్య దానికన్నా కాస్త తక్కువగా ఉండటం సహజం, ఎందుకంటే 80 మైక్రాన్లకు లోపున్నవి సీటీకి అందవు, తూకానికి అందుతాయి. ఎక్కువ వచ్చిందంటే రెండింటిలో ఒకటి: మీ గీత తప్పు చోట పడింది, లేదా ఉపరితలానికి తెరుచుకున్న గుల్లల్లోకి నీరు చేరి తూకం మోసపోయింది. ఖర్చు లేని పరీక్ష ఇది. అరగంట పని. మా దగ్గరికి వచ్చే పదిమందిలో ఇద్దరు కూడా చేసుకురారు.

డయాగ్నొస్టిక్ సెంటర్ సంగతి. ఆ ఆలోచన వెర్రిది కాదు. పెట్రోలియం రంగంలో బావుల నుంచి తీసిన పొడవైన రాతి కోర్‌లను మెడికల్ తరహా సీటీలోనే చూస్తారు. కానీ ఆ యంత్రాన్ని మనిషి శరీరం కోసం తయారుచేశారు. ఒక్కో వోక్సెల్ అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. తక్కువ మోతాదుతో, క్షణాల్లో అయిపోవాలన్నది దాని లక్ష్యం. మీ ముక్కకు మోతాదు భయం లేదు, గంటలకొద్దీ తిప్పుకోవచ్చు, కానీ ఆ యంత్రం ఆ వెసులుబాటు ఇవ్వదు. అక్కడి స్కేలులో నీరు 0, గాలి మైనస్ 1000. చాలా యంత్రాల్లో స్కేలు 3000 దగ్గర ఆగిపోతుంది. అల్యూమినియం ఎలాగో ఆ స్కేలులో ఇముడుతుంది, ఇనుము ఇమడదు. పోతలో పెద్ద బొరియ పడిందేమో అని మాత్రమే చూడాలంటే పనికొస్తుంది. ఆ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు రోగ నిర్ధారణ కోసం ఇస్తుందని గుర్తుంచుకుని, అక్కడి బాధ్యులను అడిగి, వారు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి. బయట బెంచీ మీద రోగులు ఎదురుచూస్తుంటారు కూడా.

దానికన్నా మంచి దారి ఉంది. దేశంలోని పరిశోధన సంస్థల పరికరాలను బయటివారు బుక్ చేసుకునేందుకు ఐ-స్టెమ్ అనే జాతీయ పోర్టల్ ఉంది. అందులో మైక్రో సీటీ అని వెతకండి. ఉత్తరం రాసేటప్పుడు "నా నమూనా స్కాన్ చేస్తారా" అని ఒక్క ముక్క రాస్తే జవాబు రాకపోవచ్చు. పదార్థం ఏమిటి, కొలతలు ఎంత, ఎంత చిన్నదాన్ని చూడాలి, ఎన్ని ముక్కలున్నాయి, ఇవి నాలుగూ రాయండి. ఆ నాలుగూ ఉన్న ఉత్తరానికి నేనైతే అదే రోజు జవాబిస్తాను.

మీకు నా సలహా రెండు మెట్లు. మొదట ముక్క మొత్తాన్ని 27 మైక్రాన్ల దగ్గర స్కాన్ చేయండి. గుల్లలు ఎక్కడ గుమిగూడాయో తెలుస్తుంది. ఆ తర్వాత అవసరం అనుకుంటే ఆ చోటి నుంచి 6 మి.మీ. మందం పుల్ల కోసి 3 మైక్రాన్ల దగ్గర మళ్లీ స్కాన్ చేయండి. అప్పుడు 10 మైక్రాన్ల గుల్లలు దొరుకుతాయి. కోయకుండానే ముక్క లోపలి చిన్న ప్రాంతం మీదికి జూమ్ చేసే పద్ధతి కూడా ఉంది. అయితే చుట్టూ ఉన్న లోహం ప్రతి నీడలోనూ అడ్డుపడుతుంది, దాంతో బూడిద రంగు విలువలను నమ్మలేం. గుల్ల ఆకారం చూడటానికి సరే, శాతం కొలవడానికి వద్దు.

ముక్క పాడవదా అన్న సందేహం మీకు అక్కర్లేదు, లోహానికి ఈ ఎక్స్‌రే ఏమీ చేయదు. ఇది చదివే ఇతరులకు మాత్రం ఒక మాట. కొన్ని రకాల గాజు, కొన్ని ఖనిజాలు ఎక్కువ మోతాదుకు రంగు మారతాయి. పాత కుండపెంకులకు థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో (వేడిచేసినప్పుడు వెలువడే వెలుగును కొలిచి) వయసు కట్టాలనుకుంటే, ఆ పరీక్షకు కావలసిన భాగాన్ని ముందే తీసి పక్కన పెట్టి తర్వాతే సీటీకి ఇవ్వండి. పెంకు కాలగమనంలో పోగుచేసుకున్న మోతాదుకు మన యంత్రపు మోతాదు తోడై లెక్క తారుమారవుతుంది.

చివరిగా ఒక చిన్న పని. స్కాన్‌కు ఇచ్చే ముందు ముక్క ఒక మూలలో, ఒకే ఒక్క మూలలో, డ్రిల్లుతో చిన్న గుంట పెట్టండి. పెన్నుతో గీసిన గీత సీటీలో కనిపించదు. మీ ముక్క దీర్ఘచతురస్రపు దిమ్మ, కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో చిత్రాల వరుస తిరగబడి, మొత్తం ముక్క అద్దంలో చూసినట్టు వచ్చేస్తుంది. ఒకసారి స్కాన్‌లో అందమైన కొమ్మల గుల్ల కనిపించింది. దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూద్దామని ఎడమ అంచు నుంచి 4 మి.మీ. దగ్గర ఉందని కొలిచి, అక్కడిదాకా రెండు రోజులు ఓపిగ్గా అరగదీశాం. ఏమీ లేదు. గుల్ల కుడివైపు ఉంది. అప్పటికి ఆ కుడి భాగాన్ని మరో పరీక్ష కోసమని ఆమ్లంలో కరిగించేశాం.